జీతం సంగతి సరే, ఇంకేం కావాలి?

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఏ కోర్సు, ఏ కాలేజీ అన్న గోల తక్కువ. అసలు పనిలో పిల్లలకి ఏం ముఖ్యమో వాళ్ళకే ఎలా తెలుస్తుంది అని అడిగినవాళ్ళు ఎక్కువ. అందులోంచి ఐదు తీసుకున్నా. మొదటిదానికి జవాబు కాస్త పొడుగైంది, ఓపిక పట్టండి.

ప్రశ్న: మేడమ్ గారూ, ఒంగోలు దగ్గర ఒక ప్రభుత్వ జూనియర్ కాలేజీలో ఎకనామిక్స్ చెప్తాను. సెకండియర్ పిల్లల్ని కూర్చోబెట్టి "రేపు మీరు చేసే ఉద్యోగంలో మీకు ముఖ్యమైనవి ఐదు రాయండి" అన్నాను. దాదాపు అందరూ ఒకటే రాశారు, మంచి జీతం, నిజాయితీ, కష్టపడి పనిచేయడం, అమ్మానాన్నల్ని బాగా చూసుకోవడం, సమాజ సేవ. కొందరు పక్కవాడి పేపర్ చూసి రాయడం నేనే చూశాను. ఇందులోంచి ఎవరికి ఏం కావాలో ఎలా తెలుసుకోను? ప్రాక్టికల్స్ మొదలయ్యేలోపు ఇంకో రెండు పీరియడ్లే దొరుకుతాయి.

జవాబు: మాస్టారూ, పిల్లలు అబద్ధం చెప్పలేదు, మీకు పరీక్ష రాశారంతే. లెక్చరర్ గారు పేపర్ తీయమని "ఐదు రాయండి" అంటే అది ఐదు మార్కుల ప్రశ్నే కదా, మీరు ఏం రాస్తే మార్కులేస్తారో అది రాశారు. ఇంకో సంగతి, ఊరికే అడిగితే ఎవరైనా అన్నీ కావాలనే అంటారు. జీతమూ కావాలి, ఖాళీ టైమూ కావాలి, ఊళ్ళో పేరూ కావాలి, పైన అజమాయిషీ చేసేవాడు ఉండకూడదు. నేనైనా అంతే రాస్తాను. ఒకటి కావాలంటే ఇంకోటి వదులుకోవాలి అన్నప్పుడే మనిషి నిజంగా ఆలోచించడం మొదలుపెడతాడు, కాబట్టి మీ రెండు పీరియడ్లలో రాయించడం తగ్గించి వదిలించండి.

మొదటి పీరియడ్‌కి బోర్డు మీద ఓ పన్నెండు రాయండి, పుస్తకం మాటల్లో కాదు, పిల్లలు మాట్లాడుకునే మాటల్లో. నెలనెలా ఆగకుండా జీతం పడాలి. ఒక నెల తక్కువైనా పర్లేదు గానీ మొత్తమ్మీద ఎక్కువ సంపాదించాలి. మా ఊళ్ళోనో దగ్గర్లోనో ఉండాలి. కొత్త ఊళ్ళు చూడాలి. నా పని ఎలా చేయాలో నేనే చూసుకోవాలి. తెలియకపోతే చెప్పే పెద్దవాళ్ళు పక్కన ఉండాలి. నలుగురితో కలిసి చేయాలి. నా మానాన నన్ను ఒంటరిగా పని చేసుకోనివ్వాలి. నన్ను మర్యాదగా పిలవాలి. చేసిన పని కళ్ళముందు కనబడాలి. ఎవరికో నేరుగా ఉపయోగపడాలి. సాయంత్రం టైముకి ఇంటికెళ్ళాలి. మీ పిల్లల్ని బట్టి ఇందులో మార్చుకోండి.

ఇలాంటి లిస్టులు కొత్తవేం కాదు. డోనల్డ్ సూపర్ అనే అమెరికా సైకాలజిస్టు 1970లో పదిహేను రకాలతో ఒక ప్రశ్నాపత్రం చేశాడు. అంతకుముందే 1960ల్లో మిన్నెసోటా యూనివర్సిటీలో డావిస్, లాఫ్‌క్విస్ట్ అని ఇద్దరు ఈ విషయమ్మీద పనిచేశారు. అక్కణ్ణుంచి వచ్చిందే ఇవాళ అమెరికా లేబర్ డిపార్ట్‌మెంట్ వాడే ఆరు గుంపుల లెక్క. సాధించానన్న తృప్తి, స్వతంత్రం, గుర్తింపు, మనుషులతో సంబంధాలు, పైవాళ్ళ అండ, పని పరిస్థితులు, ఇవీ ఆ ఆరు. అందులో జీతమూ ఉద్యోగ భద్రతా రెండూ చివరి గుంపులోనే పడిపోతాయి, నాకు నచ్చనిది అదే, మన ఇళ్ళల్లో ఆ రెండూ ఒకటి కాదు. కాంట్రాక్టు లెక్చరర్లు మీ స్టాఫ్ రూములో ఉంటే వాళ్ళని అడగండి ఆ తేడా ఏంటో. అందుకే పై లిస్టులో వాటిని విడివిడిగా పెట్టాను.

ఇప్పుడు పిల్లల్ని ఒక్కో దానికి ఒక చీటీ చేసుకోమనండి. పన్నెండులో ఆరు ఉంచుకుని ఆరు పక్కన పెట్టమనండి, ఇక్కడిదాకా తేలిగ్గానే చేస్తారు. తర్వాత "ఉద్యోగం వచ్చింది, కానీ వీటిలో రెండు ఉండవు, ఏవి వదులుతారు" అనండి. తర్వాత ఇంకోటి. మూడు మిగిలేసరికి క్లాసులో గోల తగ్గిపోతుంది, కొందరు తీసిన చీటీని మళ్ళీ వెనక్కి పెట్టుకుంటారు, పెట్టుకోనివ్వండి, ఆ తటపటాయింపు దేని దగ్గర వచ్చిందో గుర్తుపెట్టుకోమని మాత్రం చెప్పండి. పక్కవాడిది చూసి రాసే పిల్లలు కూడా ఇక్కడ చూడరు, ఎందుకంటే వదిలేది తనది.

ఆ పీరియడ్‌లోనే టైముంటే ఉద్యోగాల జతలు చెప్పి ఏది ఎంచుకుంటారో అడగండి. డాక్టరా ఇంజినీరా అని కాదు సుమా, వాళ్ళ కళ్ళకి ఆనేవి. బ్యాంకు పీఓ అయితే జీతం బాగుంటుంది, కానీ ఆఫీసర్ కేడర్ కాబట్టి దేశంలో ఎక్కడికైనా వేస్తారు. ఊళ్ళోనే జిరాక్సు, ఆన్‌లైన్ అప్లికేషన్ల షాపు అయితే ఇల్లు పక్కనే, అడ్మిషన్ల సీజన్ పోతే గిరాకీ ఉండదు. 108 అంబులెన్సులో టెక్నీషియన్‌కి ఏ అర్ధరాత్రైనా డ్యూటీయే, కానీ తన చేతిలో ప్రాణం నిలబడిందని ఆ రాత్రే తెలుస్తుంది. అదే ల్యాబ్ టెక్నీషియన్‌కి పేషెంట్ మొహం కూడా గుర్తుండదు, రిపోర్టు సరిగ్గా ఇవ్వడమే తృప్తి. ఇద్దరూ చేసేది సేవే, అయినా ఒకరి పని ఇంకొకరు నెల రోజులు చేయలేకపోవచ్చు. "సమాజ సేవ" అని రాసిన పిల్లల్ని ఈ జత దగ్గర గమనించండి.

రెండో పీరియడ్‌కి అసలు పేపరే వద్దు. మీ ప్రాంతం పిల్లల్లో సగం మంది ఈపాటికే ఏదో ఒక పని చేసే ఉంటారు, పొగాకు సీజన్లో బేళ్ళ దగ్గరకో, చీమకుర్తిలో గ్రానైట్ ఫ్యాక్టరీకో, దసరాకి బట్టల షాపుకో, పెళ్ళిళ్ళలో క్యాటరింగ్ వడ్డనకో వెళ్ళి ఉంటారు, ఆడపిల్లలైతే ఇంట్లో మిషన్ కుట్టి ఉంటారు, వాళ్ళు దాన్ని పని అనుకోరు, మనమూ అడగం. ఇద్దరిద్దర్ని కూర్చోబెట్టి రెండే ప్రశ్నలు అడుక్కోమనండి. ఆ పనిలో ఏ గంట తొందరగా గడిచిపోయింది? ఏ క్షణంలో వదిలేసి వెళ్ళిపోవాలనిపించింది? క్యాటరింగ్‌కి వెళ్ళిన ఇద్దరు కుర్రాళ్ళలో ఒకడు మూడో పంక్తికి కూడా కూర తక్కువ కాకుండా చూసుకున్నానని గొప్పగా చెప్తాడు, ఇంకొకడు "అందరిముందు ఒరేయ్ అని పిలిచాడు సార్, మళ్ళీ వెళ్ళలేదు" అంటాడు. మొదటివాడికి పని కుదురుగా నడవడం ముఖ్యం, రెండోవాడికి మర్యాద. కోపం వచ్చిన చోట దొరికే జవాబు ఇష్టమైనవి రాయమంటే దొరకదు, ఇది మాత్రం నేను గట్టిగా నమ్ముతాను.

అమ్మానాన్నల గురించి. దాన్ని కాపీ జవాబు అని కొట్టేయకండి, చాలామందికి అది నిజం. ఇంకొక్క మెట్టు దిగి అడగండి, అమ్మ దేనికి సంతోషపడుతుంది? నెలనెలా డబ్బు పంపితేనా, పక్కనే ఉంటేనా, యూనిఫాంలో ఫోటో దిగి పంపితేనా? మూడూ మూడు వేర్వేరు ఉద్యోగాలవైపు తీసుకెళ్తాయి. ఇంట్లో వడ్డీ కట్టాలి, డిప్లొమా అవగానే జీతం రావాలి అనే పిల్లవాడి లెక్క కూడా విలువే. "నీ ప్యాషన్ ఏంటి" అని స్టేజీల మీద అడిగేవాళ్ళకి సాధారణంగా ఇంటి అద్దె బాధ ఉండదు, వాళ్ళ మాట విని మీ పిల్లలు జీతం అని రాయడానికి సిగ్గుపడేలా చేయకండి.

చివరిగా రెండు జాగ్రత్తలు. చీటీలు గట్టిగా చదివించొద్దు, ఇంటి పరిస్థితులు బయటపడతాయి. మిగిలిన మూడు చూసి మీరు ఉద్యోగం పేరు చెప్పొద్దు, చెప్తే మళ్ళీ అందరూ అదే రాసుకుంటారు. ఆ మూడూ వాళ్ళ దగ్గరే ఉంచుకోమనండి, ఫలానా కోర్సు చేస్తానని వచ్చినప్పుడు "ఇందులో ఆ మూడిట్లో ఎన్ని ఉంటాయో కనుక్కున్నావా" అని అడిగితే చాలు.

ప్రశ్న: నమస్తే మేడం. మాది జగిత్యాల దిక్కు. నేను శాన ఏండ్లు దుబాయిల చేసి వచ్చిన. కొడుకు బీకాం అయిపోయింది. గ్రూప్స్ కోచింగ్‌కు హైదరాబాద్ అశోక్‌నగర్ పంపిస్త అంటే వద్దంటున్నడు, దోస్తుతోని కలిసి సెంట్రింగ్ సామాను కిరాయికిచ్చే దందా పెడ్తడట. సర్కారు కొలువైతే రంది ఉండది కద. వానికి సెక్యూరిటీ అంటే ఏందో తెలుస్తలేదు. ఎట్ల చెప్పాలె?

జవాబు: అన్నా, ముందు ఒక మాట అడుగుతా, ఏమనుకోవద్దు. దుబాయ్‌లో ఉన్నప్పుడు మీకు బాగా కష్టమనిపించింది ఏది? వీసా ఎప్పుడు రెన్యూ అవుతుందో తెలియకపోవడమా, కంపెనీ జీతం ఆపితే అడిగే దిక్కు లేకపోవడమా, పిల్లలు పెరగడం ఫోన్‌లో చూడాల్సి రావడమా? మీరు సెక్యూరిటీ అంటున్నప్పుడు వీటిలో ఏది మీ మనసులో ఉందో మీ అబ్బాయికి ఎప్పుడైనా చెప్పారా? నాకైతే చెప్పి ఉండరనిపిస్తోంది, మన ఇళ్ళల్లో నాన్నలు సలహా ఇస్తారు గానీ ఆ సలహా వెనకున్న కథ చెప్పరు. అది మూడోదే అయితే, ఊళ్ళో దందా పెట్టుకునే కొడుకు మీరు కోరుకున్నదే చేస్తున్నట్టు.

సర్కారు కొలువు గురించి ఉన్నదున్నట్టు మాట్లాడుకుందాం. వచ్చాక భద్రత ఉంది, నిజమే. వచ్చేదాకా లేదు. 2017 నోటిఫికేషన్ తర్వాత తెలంగాణలో టీచర్ పోస్టులకి మళ్ళీ డీఎస్సీ పరీక్ష జరిగింది 2024లోనే, 11,062 పోస్టులకి. గ్రూప్-1 అయితే 2022లో 503 పోస్టులకి నోటిఫికేషన్ ఇచ్చారు, ప్రిలిమ్స్ ఒకసారి పేపర్ లీకై రద్దయింది, రెండోసారి హైకోర్టు రద్దు చేసింది, 2024 ఫిబ్రవరిలో 563 పోస్టులకి కొత్త నోటిఫికేషన్‌తో మళ్ళీ మొదటికొచ్చింది. ఆ ఏళ్ళన్నీ అశోక్‌నగర్ రూముల్లో గడిపినవాళ్ళకి అద్దె ఎవరు కట్టారు, ఇంటినుంచి అమ్మానాన్నలే. ఇంకోటి, మన తరం మనసులో సర్కారు కొలువంటే పెన్షన్. 2004 సెప్టెంబర్ 1 నుంచి చేరినవాళ్ళకి పాత పెన్షన్ లేదు, సీపీఎస్సే, జీతంలోంచి కోసిన డబ్బు, ప్రభుత్వం వేసిన డబ్బు కలిపి పెట్టుబడి పెడతారు, చివర్లో ఎంత వస్తుందనేది ఆ పెట్టుబడిని బట్టి.

వద్దని చెప్పడం లేదు. ఫైలు, రూలు, జనం అర్జీలు, ఇవి ఇష్టపడి చేసేవాళ్ళకి అది మంచి ఉద్యోగం. అక్కడి పని ఇష్టంలేకుండా భద్రత కోసం మాత్రమే చదివేవాడు మూడో ఏడు తట్టుకోవడం కష్టం, అంతే నా మాట.

మీవాడిని కూడా ఊరికే వదలకండి. "సొంతంగా చేసుకుంట" అనేది కూడా మంచి జీతం అన్నట్టే, అందరూ అనే మాట. వాన కాలంలో పనులు ఆగితే షీట్లు, జాకీలు గోడౌన్‌లో పడుంటాయి. స్లాబు అయిపోయాక సామాను లెక్క తక్కువొస్తుంది. మేస్త్రీ రేపిస్త, ఎల్లుండిస్త అంటాడు. తెలిసినవాళ్ళ ఇంటిముందుకెళ్ళి నిలబడి బాకీ అడగగలడా? అది అవమానంలా అనిపించే మనిషైతే కిరాయి దందా వాడిని తినేస్తుంది, ఎంత స్వతంత్రం ఉన్నా సరే. దీన్ని ఇంట్లో కూర్చుని తేల్చలేరు. మీకు తెలిసిన సెంట్రింగ్ షాపాయన దగ్గర ఒక సీజన్ పనికి కూర్చోబెట్టండి, ముఖ్యంగా వసూళ్ళకి పంపమనండి. అక్కడ నిలబడితే మీరు పెట్టుబడి గురించి మాట్లాడొచ్చు. నిలబడకపోతే వాడే వచ్చి ఇంకేదో అడుగుతాడు, అది గ్రూప్సే కావచ్చు.

ప్రశ్న: అక్కా, వైజాగ్‌లో బీటెక్ థర్డ్ ఇయర్. ఫస్ట్ ఇయర్లో ఆన్‌లైన్‌లో ఒక వర్క్ వాల్యూస్ టెస్ట్ చేస్తే నాకు ఇండిపెండెన్స్ టాప్ వచ్చింది. మొన్న మళ్ళీ చేస్తే సెక్యూరిటీ వచ్చింది, మా సీనియర్లకి ప్లేస్‌మెంట్స్ సరిగ్గా అవ్వలేదు, ఆ టెన్షన్‌లో ఉన్నా. ఏది నిజమైన నేను?

జవాబు: రెండూ నువ్వేనమ్మా. సీనియర్లు ఖాళీగా ఇంటికెళ్ళడం చూసినవాళ్ళెవరైనా ఆ వారం సెక్యూరిటీకే టిక్ పెడతారు. టెస్ట్ తప్పేం కాదు, అది ఆ రోజు నీ ఆలోచన చెప్పింది, అంతకుమించి దాన్ని అడగకు.

ఎంఐటీలో ఎడ్గార్ షైన్ అనే ప్రొఫెసర్ 1960ల మొదట్లో మేనేజ్‌మెంట్ చదివే 44 మందితో మాట్లాడి, పదేళ్ళకి పైగా గడిచాక మళ్ళీ వాళ్ళనే కలిశాడు. ఆయనకి అర్థమైందేంటంటే, ఎంత ఇబ్బందైనా వదులుకోని విషయం ఒకటి ప్రతి మనిషికీ ఉంటుంది గానీ అది చదువుకునేటప్పుడు తెలియదు, కొన్నేళ్ళు పని చేశాక, ఒకటి రెండు చోట్ల ఇమడలేక బయటికొచ్చాక తేలుతుంది. దానికి ఆయన పెట్టిన పేరు కెరీర్ యాంకర్, లంగరు అన్నమాట. అక్కడివాళ్ళకే అన్నేళ్ళు పట్టింది, నీకు థర్డ్ ఇయర్లో తేలిపోవాలని ఏముంది.

అలాగని చేతులు కట్టుకుని కూర్చోమనడం లేదు. టెస్టు బదులు గడిచిన రెండేళ్ళు చూడు. ఎవరూ అడక్కుండా నిద్ర మానుకుని చేసినవి ఏవి, ఫెస్ట్‌కి స్పాన్సర్లని పట్టుకురావడమా, ప్రాజెక్టులో కోడ్ ఎందుకు పనిచేయట్లేదో కనుక్కోవడమా, జూనియర్లకి ఎగ్జామ్ ముందురోజు యూనిట్లు చెప్పడమా? మార్కులు, సర్టిఫికెట్ వచ్చేవి పక్కన పెట్టి మిగిలినవి చూడు. ఈ సమ్మర్లో ఇంటర్న్‌షిప్ దొరికితే రోజూ రాత్రి రెండు లైన్లు రాసుకో, ఇవాళ ఏది బాగుంది, ఏది చిరాకు పుట్టించింది అని. సెర్టిఫికెట్ కోసం డబ్బులు కట్టించుకునే ఇంటర్న్‌షిప్ అయితే మాత్రం రాసుకోవడానికి ఏమీ ఉండదు, అవి వద్దు.

ప్రశ్న: మేడమ్, ఎంపీసీ సెకండియర్, విజయవాడలో హాస్టల్. అందరూ నీకేం ఇష్టం అని అడుగుతారు. నిజంగా నాకు ఏదీ ఇష్టం లేదు. నాలో ఏదైనా ప్రాబ్లమ్ ఉందా?

జవాబు: నాన్నా, పొద్దున్న చీకటితో స్టడీ అవర్, రాత్రి మళ్ళీ స్టడీ అవర్, ఆదివారం వీకెండ్ టెస్ట్, మధ్యలో ఇష్టం పుట్టడానికి నీకు టైమెక్కడుంది? పని అనేదాన్ని దగ్గర్నుంచి చూడకుండా అందులో ఏం కావాలో చెప్పమంటే ఎవరు మాత్రం చెప్తారు. ప్రాబ్లమ్ నీలో లేదు.

ఎగ్జామ్స్ అయ్యాక ఊరెళ్ళినప్పుడు ఒక పని చెయ్. మీ చుట్టాల్లోనో వీధిలోనో పని చేసేవాళ్ళ దగ్గరికి వెళ్ళి ఒక రోజంతా వాళ్ళతో ఉండు, కరెంటు లైన్‌మన్, మెడికల్ షాపు, రొయ్యల చెరువు, సచివాలయం, ఏదైనా సరే. వాళ్ళని జీతం ఎంత అని కాదు, "మీకు ఈ పనిలో ఏది లేకపోతే మానేస్తారు" అని అడుగు. పెద్దవాళ్ళు ఈ ప్రశ్నకి భలే చెప్తారు, ఎవరూ అడగరు కాబట్టి. నలుగురిని అడిగాక ఎవరి జవాబు నీకు దగ్గరగా అనిపించిందో చూసుకో. ఒక్కటి, తిండి, నిద్ర, స్నేహితులు, ఆట, వీటిలో కూడా దేనిమీదా ఆసక్తి లేకుండా వారాల తరబడి గడుస్తుంటే అది కెరీర్ సంగతి కాదు, ఇంట్లో చెప్పి డాక్టర్ని కలువు, లేదా మనసు బాగోలేనప్పుడు సాయం చేసే హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కి ఫోన్ చెయ్, ప్రభుత్వానిదే, డబ్బులక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు.

ప్రశ్న: మేడమ్ గారూ, మా పాప తొమ్మిదో తరగతి. వాళ్ళ స్కూల్లో వేలిముద్రలు తీసి పిల్లల టాలెంట్, వాళ్ళకి సరిపోయే కెరీర్ చెప్పే టెస్ట్ పెడుతున్నారు, వేలల్లో అడుగుతున్నారు. చేయించమంటారా?

జవాబు: వద్దమ్మా. డీఎంఐటీ అని పిలిచే ఈ టెస్టుకి శాస్త్రీయ ఆధారం లేదు. వేలి గీతలు తల్లి కడుపులోనే ఏర్పడిపోతాయి, పాపకి పనిలో ఏం ముఖ్యమో అనేది తను చూసిన మనుషుల్ని, పడిన అనుభవాల్ని బట్టి వస్తుంది, దానికీ దీనికీ లంకె లేదు. రంగురంగుల రిపోర్టులో ప్రతి పిల్లా నాయకత్వ లక్షణాలున్న సృజనశీలే, మీరే పక్కింటి పిల్ల రిపోర్టు పక్కన పెట్టి చూడండి. పైగా చిన్నపిల్లల వేలిముద్రలు ఎవరి దగ్గర ఉంటాయో, ఎన్నాళ్ళుంటాయో అడిగితే సరైన జవాబు చెప్పరు. అందరికీ తప్పనిసరి అని స్కూల్ వాళ్ళు అంటే ఆ మాట కాగితం మీద రాసివ్వమనండి, చాలావరకు అక్కడితో ఆగిపోతుంది.